ముందు చక్రం లేపిన రాయి

మూడు చక్రాల మోటారు సైకిలుకు శత్రువు ఎక్కడో లేదు. దాని ముక్కు కిందనే తిరుగుతూ ఉంటుంది

అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో, బ్లాక్ హిల్స్ అనే కొండల అంచున, స్టర్జిస్ అనే చిన్న ఊరు ఉన్నది. మామూలు రోజుల్లో అక్కడి జనాభా ఏడువేలకు అటూ ఇటూ. ఆగస్టు మాసం రాగానే ఆ ఊరి వీధులు మోటారు సైకిళ్ళతో కిక్కిరిసిపోతాయి. 1938లో ఒక చిన్న పందెంతో మొదలైన ఆ జాతరకు ఇప్పుడు లక్షలాది మంది తరలివస్తారు.

ఆ గుంపులో మూడు చక్రాల మోటారు సైకిళ్ళను నడిపేవారిని గుర్తించడం కష్టం కాదు. వారిలో చాలామందికి జుట్టు నెరసి ఉంటుంది. వందల మైళ్ళు ప్రయాణం చేసి బండి ఆపిన మనిషి ముందుగా ముఖం కడుక్కోడు, మంచినీళ్ళు అడగడు. చేతి తొడుగు తీసి, బండి పక్కన మోకాలు ఆనించి కూర్చుని, వెనుక చక్రం మీద పొంగి ఉన్న మడ్‌గార్డు ముఖభాగాన్ని బొటనవేలితో మెల్లగా తడిమి చూస్తాడు. అద్దంలా మెరిసే ఆ రంగు మీద ఎక్కడో ఒకచోట వేలికి గరుకు తగులుతుంది. ఆవగింజంత తెల్లని చుక్క. పొద్దున బయలుదేరినప్పుడు అది లేదు.

చూసేవారికి అది నవ్వు పుట్టించవచ్చు. ఆవగింజంత పెచ్చు ఊడితే బండి ఆగిపోదు కదా! కాని ఆ మనిషికి ఆ బండి ఏమిటో తెలిసినవారు నవ్వరు.

కాళ్ళు కాదన్న తరువాత

రెండు చక్రాల బండిని నిలబెట్టేది ఇంజను కాదు, నడిపేవాడి కాళ్ళు. కూడలిలో ఆగిన ప్రతిసారీ, వాలు మీద నిలిచిన ప్రతిసారీ మూడు నాలుగు వందల కిలోల బరువును ఒక కాలితో ఆపవలసి ఉంటుంది. మోకాళ్ళు అరిగినవారికి, తుంటి ఎముకకు శస్త్రచికిత్స జరిగినవారికి, యుద్ధంలో కాలు పోగొట్టుకున్న సైనికునికి అది సాధ్యం కాని రోజు వస్తుంది. ఆనాడు వారి ముందు రెండే మార్గాలు. బండిని అమ్మి ఇంట్లో కూర్చోవడం ఒకటి, మూడవ చక్రాన్ని ఆశ్రయించడం రెండవది.

అందువల్లనే ఈ బండ్లను కొనేవారు వాటిని వట్టి వాహనాలుగా భావించరు. పోయిందనుకున్న స్వేచ్ఛ తిరిగి వచ్చిన గుర్తుగా చూసుకుంటారు. అలాంటి వస్తువు మీద పడిన మచ్చ కంటిలో నలుసులా బాధిస్తుంది.

మూడు చక్రాల మోటారు సైకిలు నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలో హార్లే-డేవిడ్‌సన్ కంపెనీ 1932లో ‘సర్వీ-కార్’ అనే బండిని మార్కెట్టులోకి తెచ్చింది. మరమ్మతు దుకాణాల వారి కోసం తయారైన బండి అది. మెకానిక్కు దానిపై ఎక్కి ఖాతాదారు ఇంటికి వెళ్ళి, బండిని ఆయన కారు వెనుక తగిలించి, కారు నడుపుకుంటూ దుకాణానికి తిరిగివచ్చేవాడు. పోలీసులు కూడా దానిని విరివిగా వాడారు. 1973 వరకు, అంటే నాలుగు దశాబ్దాల పాటు అది తయారవుతూనే వచ్చింది. 2009 నమూనాగా అదే కంపెనీ ‘ట్రై గ్లైడ్’ను విడుదల చేసింది. హోండా వారి ‘గోల్డ్ వింగ్’ వంటి పెద్ద మోటారు సైకిళ్ళ వెనుక చక్రం తీసివేసి, రెండు చక్రాల ఇరుసు అమర్చి ఇచ్చే కార్ఖానాలు కూడా వెలిశాయి.

భారతీయులకు ఈ రూపం కొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత సైన్యాలు వదిలివేసిన హార్లే-డేవిడ్‌సన్ మోటారు సైకిళ్ళను మన కమ్మరులు, మెకానిక్కులు మూడు చక్రాల బండ్లుగా మార్చివేశారు. కన్నాట్ ప్లేస్, చాందినీ చౌక్‌ల మధ్య ప్రయాణికులను చేరవేసిన ఆ ‘ఫట్‌ఫటీ’లు ఢిల్లీ నగరానికి కొన్ని దశాబ్దాల పాటు ఒక గుర్తుగా నిలిచాయి. కాలుష్య నివారణ చర్యలలో భాగంగా 1998లో అవి వీధుల నుంచి నిష్క్రమించాయి. వాటి రేకు మడ్‌గార్డులకు మెరుపు గురించిన చింత లేదు. సొట్టలే వాటికి అలంకారం. నేటి బండి సంగతి వేరు.

ఇంటి దొంగ

మూడు చక్రాల బండికే ఈ బెడద ఎందుకు అధికం? జవాబు దాని ఆకారంలోనే ఉన్నది.

కారుకు ముందు చక్రం వెనుక చక్రపు గూడు ఉంటుంది. లేచిన రాయి అందులోనే తగిలి రాలిపోతుంది. రెండు చక్రాల బండిలో ముందు చక్రం లేపిన రాయి ఇంజనుకో, నడిపేవాడి బూటుకో తగులుతుంది. మూడు చక్రాల బండిలో మాత్రం ముందు చక్రం నడిమధ్యన ఉంటుంది. వెనుక మడ్‌గార్డులు ఇరువైపులా, చేటల్లా విచ్చుకుని, ఏ చాటూ లేకుండా ఎదురు నిలుస్తాయి. ముందు చక్రం పక్కలకు చిమ్మిన ప్రతి రాయికీ అవే లక్ష్యం.

ఇంతటితో అయిపోలేదు. బాగా వాడుకలో ఉన్న తారురోడ్డును గమనిస్తే ఒక విశేషం కనబడుతుంది. కార్లు, లారీల చక్రాలు నిత్యం ఒరుసుకుపోవడం వల్ల దారిలో రెండు చారలు ఊడ్చినట్లు శుభ్రంగా ఉంటాయి. కంకర, ఇసుక, ఇనుప ముక్కలు ఆ రెండు చారల మధ్యనా, రోడ్డు అంచునా పోగవుతాయి. మూడు చక్రాల బండి వెడల్పు కారు వెడల్పుకు దగ్గరగా ఉంటుంది కనుక, వెనుక చక్రాలు శుభ్రమైన చారల మీద నడుస్తున్నాయంటే ముందు చక్రం సరిగ్గా ఆ చెత్త మీద నడుస్తున్నదన్నమాట. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ ముందు చక్రమే.

రాయి లేచే తీరు కూడా చిత్రమైనదే. చక్రం రాయి నడినెత్తిన ఎక్కితే అది రోడ్డులోకి అదుముకుంటుంది తప్ప ఎగరదు. టైరు అంచు రాయి మీద ఓరగా పడినప్పుడే, తడి చింతగింజను రెండు వేళ్ళ మధ్య నొక్కినట్లు, అది పక్కకు, పైకి జారి లేస్తుంది. అలా లేచిన రాయి వేగం బండి వేగంతో పోలిస్తే స్వల్పమే. రాయి వచ్చి మడ్‌గార్డును కొట్టిందని మనం అనుకుంటాము. నిజానికి గాలిలో తేలుతున్న రాయిని వెతుక్కుంటూ పోయినట్లు వెళ్ళి గుద్దుకునేది మడ్‌గార్డే.

కనుక దెబ్బ తీవ్రతను నిర్ణయించేది ముఖ్యంగా బండి వేగమే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 10 గ్రాముల రాయి తగిలితే, 400 గ్రాముల గుండు మీటరు ఎత్తు నుంచి పడినంత శక్తి వెలువడుతుంది. ఆ శక్తి అంతా రాయి మొనలో, సూదిమొనంత చోట కేంద్రీకృతమవుతుంది. వేగం సగానికి తగ్గితే దెబ్బ సగం కాదు, నాలుగవ వంతుకు తగ్గుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకున్నవాడు సగం యుద్ధం గెలిచినట్లే.

వెంట్రుకల మందం కవచం

ఇంతటి దెబ్బను ఎదుర్కొనే రంగు మందం ఎంత? నేటి వాహనాల మీద అడుగున ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికీ పైన వార్నిషు వంటి పారదర్శకమైన పూత ఉంటాయి. అన్నీ కలిసి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. రెండు తలవెంట్రుకలను పక్కపక్కన పెడితే ఎంత మందమో, లక్షలు పోసి కొన్న బండి మెరుపు మందం అంతే.

రాయి తగలగానే పైపూత పగులుతుంది. దెబ్బ బలమైనదైతే పగులు అడుగు దాకా దిగి, రంగు పెచ్చుగా ఊడిపోతుంది. చలికాలంలో రంగు పెళుసుబారుతుంది కనుక పెచ్చులు మరింత సులభంగా ఊడుతాయి. మోటారు వాహనాల తయారీదారులు రంగు గట్టితనాన్ని పరీక్షించడానికి ఒక యంత్రం వాడుతారు. గాలి ఒత్తిడితో కంకరను రంగు వేసిన రేకు మీదకు చిమ్మి, ఊడిన పెచ్చుల సంఖ్యను, పరిమాణాన్ని బట్టి తరగతి నిర్ణయిస్తారు. ఆ పరీక్షలో అసలు పెచ్చు ఊడని రంగు కోసం ఎవరూ ఆశపడరు. తక్కువగా ఊడిన రంగే గెలిచినట్లు.

మడ్‌గార్డు ఉక్కురేకుదైతే, పెచ్చు ఊడిన చోట అసలు కథ అప్పుడే మొదలవుతుంది. నీరు, గాలి తగిలిన ఇనుము తుప్పుగా మారుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక చుట్టూ ఉన్న మంచి రంగును కింద నుంచి పైకి లేపుతుంది. ఆవగింజంత చుక్క రెండు వర్షాకాలాలలో రూపాయి బిళ్ళంత అవుతుంది. చలిదేశాలలో మంచు కరిగించడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, మన సముద్రతీర నగరాలలో గాలిలోని ఉప్పు ఈ పనిని త్వరితం చేస్తాయి. ఫైబర్ గ్లాస్, ప్లాస్టిక్కు మడ్‌గార్డులకు తుప్పు భయం లేదు. అయితే ఫైబర్ గ్లాసుకు లోపలి నుంచి మరో ప్రమాదం ఉన్నది. వెనుక చక్రం తాను లేపిన రాళ్ళను మడ్‌గార్డు కడుపులోకి కొడుతుంది. ఆ దెబ్బకు పైన నక్షత్రం ఆకారంలో సన్నని బీటలు తేలుతాయి.

హెలికాప్టరు నేర్పిన ఉపాయం

పరిష్కారం వచ్చినది మోటారు సైకిళ్ళ లోకం నుంచి కాదు, యుద్ధరంగం నుంచి. 1960 దశకంలో వియత్నాం యుద్ధంలో అమెరికన్ హెలికాప్టర్లు ఇసుక, దుమ్ము రేగే నేలల మీద దిగవలసి వచ్చేది. ఆ ఇసుక తాకిడికి హెలికాప్టరు రెక్కల అంచులు త్వరగా అరిగిపోయేవి. త్రీ-ఎమ్ కంపెనీ దీనికి పాలీయురెథేన్ అనే సాగే పదార్థంతో అంటుకునే పొరను తయారు చేసింది. గట్టి లోహం అరిగిపోయిన చోట మెత్తని పొర నిలిచింది. ఇసుకరేణువు తగిలినప్పుడు అది లోపలికి వంగి, దెబ్బను మింగి, మళ్ళీ యథాస్థితికి వస్తుంది. తుఫానులో తాటిచెట్టు విరిగిన చోట గడ్డిపరక బ్రతికినట్లే.

తరువాత పందెపు కార్ల ముక్కుల మీదికి, అక్కడి నుంచి మామూలు కార్ల మీదికి ఆ పొర చేరింది. తొలినాటి పొరలు ఎండకు పసుపుపచ్చగా మారేవి. రసాయన నిర్మాణం మార్చిన తరువాత ఆ లోపం చాలావరకు తొలగింది. నేటి పొరల మందం సాధారణంగా 150 నుంచి 200 మైక్రాన్లు, అంటే కాపాడవలసిన రంగు కన్నా కాపలాదారే లావు. కొన్నిటి పైపూతకు ఎండవేడి తగిలితే సన్నని గీతలు వాటంతట అవే మాయమవుతాయి. అయితే కోసుకుపోయిన గాయం మానదు. ఆ ముక్కను మార్చవలసినదే.

ఏది నిజమైన రక్షణ?

బజారులో రక్షణ పేరుతో అమ్ముడయ్యేవన్నీ రక్షించవు. మైనపు పాలిషు నీటిని జారుస్తుంది, మెరుపునిస్తుంది, రాయిని ఆపదు. ‘సిరామిక్’ పేరుతో వచ్చే పూతల మందం కొద్ది మైక్రాన్లే. అవి మురికిని అంటనివ్వవు, కడగడం తేలిక చేస్తాయి. కంకరకు మాత్రం అవి అడ్డుకావు.

తోలును పోలిన గుడ్డ తొడుగులు ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేవి. అవి రాయిని ఆపుతాయి గాని కింద చేరిన ఇసుక గాలికి కదిలి, గరుకు కాగితంలా రంగును రుద్దుతుంది. వర్షంలో తడిసిన తొడుగు తేమను పట్టి ఉంచుతుంది. తొడుగు వేసుకున్నవారు దానిని తరచు తీసి, ఆరబెట్టి, రెండు వైపులా శుభ్రం చేయక తప్పదు.

అన్నిటికన్నా చౌకైన రక్షణ ముందు చక్రం దగ్గరే ఉన్నది. ముందు మడ్‌గార్డు చివర రబ్బరు తెర తగిలిస్తే రాయి బయలుదేరే చోటనే దానికి అడ్డుకట్ట పడుతుంది. ఆ తెర టైరు కన్నా వెడల్పుగా ఉండాలి. నేలకు దగ్గరగా దిగాలి. కాని బ్రేకు వేసినప్పుడు, స్పీడ్ బ్రేకరు దాటినప్పుడు బండి ముందుభాగం కుంగుతుందని మరువరాదు. అప్పుడు కూడా తెర నేలను తాకకూడదు, చక్రంలో చిక్కకూడదు. బిగించడానికి రేకుకు చిల్లు వేస్తే ఆ చిల్లు అంచుకు రంగు పూయాలి. లేనిచో రాయి చేయని పనిని చిల్లు చేస్తుంది.

తెర ఆపలేని రాళ్ళకు పారదర్శకమైన పొర రెండవ కోట. వెనుక మడ్‌గార్డు ముందుముఖం, లోపలి భుజం, ఎక్కేటప్పుడు బూటు ఒరుసుకునే చోటు — ఈ మూడింటికీ పొర వేస్తే చాలావరకు పని తీరుతుంది. మూడవది లోపలి పూత. మడ్‌గార్డు కడుపులో రబ్బరు వంటి మందపు పూత వేస్తే లోపలి దెబ్బల నుంచి రక్షణ కలుగుతుంది. తుప్పు మీద ఆ పూత వేయడం మాత్రం పుండు మీద పట్టీ వేసి మరచిపోవడం వంటిది.

పొర అంటించడం చూడడానికి సులభం, చేయడానికి కాదు. ముందుగా రంగును సబ్బునీటితో కడిగి, అంటుకున్న తారు, మైనం పూర్తిగా తొలగించాలి. ఒక్క ఇసుకరేణువు మిగిలినా పొర కింద జీవితాంతం మొటిమలా కనబడుతుంది. పొరను సబ్బునీటి మీద తేలేటట్లు పరచి, స్థానం సరిచూసుకుని, రబ్బరు పలకతో మధ్య నుంచి అంచులకు నీటిని నెట్టాలి. మడ్‌గార్డు గుండ్రని వంపుల మీద కొద్దిగా వేడి చూపి సాగదీయాలి. అంచును వీలైనంతవరకు లోపలికి మడవాలి. గాలికి ఎదురుగా మిగిలిన అంచే ముందుగా లేస్తుంది. కొత్తగా రంగు వేయించిన మడ్‌గార్డు మీద వెంటనే పొర వేయరాదు. రంగులోని ద్రావకాలు పూర్తిగా ఆరిపోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఎంతకాలమన్నది రంగు వేసినవానినే అడగాలి.

పెచ్చు ఊడిన తరువాత

ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒకనాడు పెచ్చు ఊడుతుంది. అప్పుడు కావలసినది విచారం కాదు, వేగం. దారిలో ఉన్నవారు ఆ చోటిని తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, రంగులేని గోళ్ళరంగు ఒక్క చుక్క వేస్తే ఇల్లు చేరేదాకా నీరు తగలదు. ఇంటికి వచ్చాక అసలు చికిత్స జరగాలి. తాత్కాలికపు చుక్కను తీసివేసి, తుప్పు ఉంటే తెల్లని లోహం కనబడేవరకు సన్నని గరుకు కాగితంతో రుద్ది, స్పిరిటుతో తుడవాలి. ప్రైమరు ఒక చుక్క, ఆరిన తరువాత రంగు పలుచగా రెండు మూడు సార్లు, చివరగా పారదర్శకమైన పూత వేయాలి. కుంచె కన్నా పంటిపుల్ల మేలు. ఒకేసారి గుంట నింపాలని చూస్తే అది పైన ఆరి, లోపల పచ్చిగా మిగిలిపోతుంది. కొన్ని రోజులు ఆగి, 2000 నంబరు నీటికాగితంతో సమం చేసి పాలిషు పెడితే, ఎక్కడ దెబ్బ తగిలిందో తెలిసినవారికి తప్ప కనబడదు.

వీటన్నిటినీ మించిన రక్షణ నడిపేవాడి చేతిలో ఉన్నది. కొత్తగా తారు పోసి చిన్న కంకర చల్లిన రోడ్డు కనబడగానే వేగం తగ్గించాలి. కంకర లారీ వెనుక దూరం పాటించాలి; దాటవలసి వస్తే దారి ఖాళీగా ఉన్నప్పుడు ఆలస్యం చేయకుండా దాటిపోవాలి. దారి వెడల్పుగా, నేరుగా ఉన్నచోట కొంచెం పక్కకు జరిగి, ముందు చక్రాన్ని శుభ్రమైన చార మీద నడపవచ్చు. అప్పుడు చెత్త మీద నడిచేది వెనుక చక్రం. అది లేపిన రాయికి ఎదురుగా మన రంగు ఉండదు. మలుపులలో, ఇరుకు దారులలో మాత్రం ఈ ఉపాయం పనికిరాదు. రంగు కోసం ప్రాణం పణంగా పెట్టడం తెలివి కాదు.

మన వీధులలో మూడవ చక్రం

ఈ కథ అమెరికా రహదారులతో ముగిసిపోదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ప్రభుత్వాలు దివ్యాంగులకు మూడు చక్రాల మోటారు వాహనాలను పంపిణీ చేశాయి. స్కూటరుకు వెనుక అదనపు చక్రాలు అమర్చిన బండ్లు అవి. వాటిపై కళాశాలకు వెళ్ళే విద్యార్థులున్నారు, దుకాణం నడుపుకునేవారున్నారు. స్టర్జిస్ వీధిలో మోకాలు ఆనించిన వృద్ధునికి బండి పోయిన యౌవనం కావచ్చు. వీరికి అది రెండు కాళ్ళు.

వాటి మడ్‌గార్డులు పలుచని రేకువి. వాటి మీద ఖరీదైన పొర వేయించే స్తోమత అందరికీ ఉండదు. ఉండనక్కరలేదు కూడా. ముందు చక్రం వెనుక పాత టైరు నుంచి కోసిన రబ్బరు తెర ఒకటి, వర్షాకాలానికి ముందు మడ్‌గార్డు లోపల ఒక పూత, పెచ్చు ఊడిన నాడే ఒక చుక్క రంగు చాలు. తుప్పు పట్టిన రేకు విరిగి చక్రానికి ఒరుసుకునే రోజును ఈ మూడూ ఏళ్ళ తరబడి వాయిదా వేయగలవు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం కన్నా, పొద్దున బండి తీసే ముందు ఒకసారి బొటనవేలితో తడిమి చూడడం మేలు.

స్టర్జిస్‌లో ఆ వృద్ధుడు చేస్తున్నది కూడా అదే. మచ్చను చూసి అతడు నిట్టూరుస్తాడు. జేబులోంచి గుడ్డ తీసి తుడుస్తాడు, ఒక చుక్క రంగు వేస్తాడు. ఆరేదాకా పక్కనే కూర్చుంటాడు. ఆపైన లేచి, ఇంజను మీట నొక్కి, మళ్ళీ దారి పడతాడు. రాయి తగలని బండి ఇంట్లో నిలిపిన బండి ఒక్కటేనని అతనికి తెలుసు.